ఈ నంబరుకి చేస్తే వస్తారు

మొన్న మంగళవారం మా మామయ్యగారు ఇంట్లోంచి వెళ్ళి కనిపించకుండా పోయారు. నేను ఊరుకుంటానా? ఫోన్‌లో లొకేషన్ చూసుకుంటూ, క్యాబ్ ఎక్కి, బెంగళూరు ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళి మరీ వెతికి పట్టుకున్నాను. మామయ్యగారిని కాదు. మా కారుని.

నవ్వండి, పర్లేదు. ఆయన ఇప్పుడు లోపల గదిలో నిద్రపోతున్నారు కాబట్టే నేనిలా టీ పెట్టి మీకు చెప్పగలుగుతున్నాను. ఆ రోజైతే నాకు ఏడుపే మిగిలింది.

మా అపార్ట్‌మెంట్‌లో ఎవరి ఫోన్‌కి ఏమొచ్చినా నా దగ్గరికే వస్తారని మీకు తెలుసు కదా. స్టోరేజ్ ఫుల్ అయిందా, మాధవిని అడుగు. బ్యాటరీ మధ్యాహ్నానికే అయిపోతోందా, మాధవిని అడుగు. నేనూ తక్కువదాన్నేం కాదు. లిఫ్ట్‌లో కలిసినవాళ్ళకి కూడా, వాళ్ళు అడక్కపోయినా, "లాప్‌టాప్‌లో అన్ని ట్యాబ్స్ తెరిచిపెట్టుకుంటే స్లో అవదా అండీ?" అని క్లాసు పీకేదాన్ని.

ఇక మామయ్యగారు. వాళ్ళది హిందూపురం వైపు, కానీ ఎప్పుడో తాతల కాలంలోనే బెంగళూరు వచ్చేశారు. ఆయన నగర్తపేటలో టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ నడిపారు. కంప్యూటర్లు వచ్చాక అది మూతపడింది. అత్తయ్య పోయిన తర్వాత ఆయనకి మతిమరుపు మొదలైంది. ముందు కళ్ళజోడు ఎక్కడ పెట్టారో మర్చిపోయేవారు. తర్వాత తిన్నారో లేదో మర్చిపోవడం మొదలుపెట్టారు. ఇప్పుడు కొన్ని రోజులు నన్ను "ఏమ్మా మాధవీ" అని పిలుస్తారు. కొన్ని రోజులు పేరు పిలవకుండా, ఎవరింటికో చుట్టపుచూపుగా వచ్చినట్టు మర్యాదగా, "కొంచెం నీళ్ళిస్తారా అమ్మా" అని అడుగుతారు. అలా అడిగిన రోజు నాకు పని మీద మనసు నిలవదు. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన కొత్తలో, నాకు ఊరు, భాష ఏమీ తెలియనప్పుడు, నన్ను బస్సుల్లో తిప్పి బెంగళూరంతా చూపించింది ఆయనే.

అందుకే ఆయన కోసం ఒక ఫోన్ కొని, నాకు తెలిసిన విద్యంతా దాని మీద ప్రయోగించాను. అక్షరాలు పెద్దవి చేశాను. అనవసరమైన యాప్‌లన్నీ తీసేసి, స్క్రీన్ మీద నా ఫోటో, మా ఆయన కిరణ్ ఫోటో మాత్రం ఉంచాను. ఫోటో మీద వేలు పెడితే చాలు, మాకు ఫోన్ వస్తుంది. లాక్ స్క్రీన్ మీద అడ్రస్ కనిపించేలా పెట్టాను. ఆయన ఎక్కడున్నారో నా ఫోన్‌లో ఎప్పుడూ కనపడేలా లొకేషన్ షేరింగ్ పెట్టాను.

"ఇంక మీ నాన్నగారు తప్పిపోయే ప్రశ్నే లేదు" అని మా ఆయనతో గర్వంగా చెప్పాను కూడా.

ఆ ఫోన్ ఆయన జేబులో ఉండాలన్న చిన్న విషయం మాత్రం ఏ సెట్టింగ్స్‌లోనూ ఉండదు కదా.

మంగళవారం కిరణ్‌కి హైదరాబాద్‌లో మీటింగ్. మధ్యాహ్నం ఫ్లైటు. రాత్రికి వచ్చేస్తాను కదా అని కారు తనే నడుపుకుంటూ ఎయిర్‌పోర్ట్‌కి బయల్దేరాడు. నాకు ఆ రోజు వర్క్ ఫ్రమ్ హోమ్. తను వెళ్ళిన కాసేపటికి నాకు ఆఫీస్ కాల్ మొదలైంది. బయటి శబ్దాలేవీ వినపడని హెడ్‌ఫోన్స్ ఉన్నాయి కదా, అవి పెట్టుకుని కూర్చున్నాను.

మధ్యలో మామయ్యగారు నా గది గుమ్మం దగ్గరికి వచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. తల దువ్వుకున్నారు. నా వైపు చూసి ఏదో అన్నారు. పెదాలు కదలడం కనిపించింది, మాట వినపడలేదు. నేను హెడ్‌ఫోన్స్ తీయలేదు. బొటనవేలు పైకెత్తి, సరే అన్నట్టు నవ్వాను. ఆయన కూడా తల ఊపి వెళ్ళిపోయారు.

ఆయన అన్నది "వెళ్ళొస్తాను" అని. ఇప్పుడు తలుచుకుంటే పెదాలు ఎలా కదిలాయో స్పష్టంగా గుర్తొస్తుంది.

కాల్ అయ్యాక హాల్లోకి వస్తే టీవీ ముందు కుర్చీ ఖాళీ. బాత్రూమ్‌లో లేరు. బాల్కనీలో లేరు. తలుపు దగ్గరగా వేసి ఉంది, చెప్పులు లేవు. కిందకి పరిగెత్తితే మా వాచ్‌మన్, "తాతగారు బస్టాప్ వైపు వెళ్ళారు మేడమ్. బాగా రెడీ అయ్యి వెళ్తుంటే మీకు చెప్పే వెళ్తున్నారనుకున్నాను" అన్నాడు. అతను అన్నదాంట్లో తప్పేముంది? మామయ్యగారు చెప్పే వెళ్ళారు.

బస్టాప్‌లో లేరు. అప్పుడు ఫోన్ తీసి లొకేషన్ చూశాను. మ్యాప్ మీద ఆయన చుక్క కదులుతోంది. ఎక్కడనుకున్నారు? హెబ్బాళ దాటి ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీద.

మా బస్టాప్ నుంచే ఎయిర్‌పోర్ట్ బస్సులు పోతుంటాయి. ఎక్కడికి పోతోందో చూడకుండా ఎక్కేసి ఉంటారు. నిద్రపోతున్నారేమో, దిగమంటే ఎక్కడ దిగుతారో. ఆయన ఫోన్‌కి చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. కిరణ్‌కి చేశాను. "డ్రైవింగ్‌లో ఉన్నాను, తర్వాత మాట్లాడతాను" అని మెసేజ్ వచ్చింది. డ్రైవింగ్ చేసేటప్పుడు ఫోన్ మోగకుండా, అదే జవాబు చెప్పేటట్టు పెట్టింది ఎవరో కాదు, నేనే. "ప్రాణం కంటే ఫోన్ ఎక్కువా?" అని ఉపన్యాసం కూడా ఇచ్చాను.

మా ఆయన కారులో ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీద ఉన్నాడు. మామయ్యగారి ఫోన్ కూడా అదే రోడ్డు మీద ఉంది. ఈ రెండింటినీ కలిపి చూడ్డానికి పెద్ద చదువులేం అక్కర్లేదు. నాకు తట్టలేదు. క్యాబ్ బుక్ చేశాను.

మా బనశంకరి నుంచి ఎయిర్‌పోర్ట్ ఉన్న దేవనహళ్ళి దాకా ఆ ప్రయాణం పగవాళ్ళకి కూడా వద్దు. ప్రతి సిగ్నల్ దగ్గర ఆగడమే. నేను ఫోన్ మీద నుంచి చూపు తిప్పలేదు. చుక్క వెళ్ళి ఎయిర్‌పోర్ట్ దగ్గర ఆగింది. ఇంక కదల్లేదు. కిరణ్‌కి మళ్ళీ మళ్ళీ చేశాను, ముందు అదే మెసేజ్, తర్వాత స్విచాఫ్. ఆగిపోయింది అంటే దిగారు. దిగి అంత జనంలో నిలబడి ఉన్నారు. ఎవరిని అడుగుతారు? ఏమని అడుగుతారు? ఆ పూట మాత్ర కూడా వేసుకోలేదు. పక్కన ఎవరైనా తోసేస్తే? డ్రైవర్ అద్దంలో నన్ను చూసి ఏసీ పెంచాడు, తర్వాత నీళ్ళ సీసా అందించాడు.

ఎయిర్‌పోర్ట్‌లో దిగి చుక్క చూపించిన వైపు పరిగెత్తాను. అది టెర్మినల్ లోపలికి కాకుండా పార్కింగ్ వైపు చూపిస్తోంది. పార్కింగ్‌లోకి ఎందుకు వచ్చారో అర్థం కాలేదు. వరసల మధ్య "మామయ్యా, మామయ్యా" అని పిలుస్తూ తిరిగాను. తర్వాత గుర్తొచ్చింది, సైలెంట్‌లో ఉన్నా సరే ఫోన్‌ని గట్టిగా మోగించే ఆప్షన్ ఒకటుంది. నొక్కాను.

దూరంగా మోగింది. ఆ శబ్దం పట్టుకుని వెళ్ళాను. ఒక తెల్ల కారు లోపల్నుంచి వస్తోంది. ఆ కారు ఎక్కడో చూసినట్టుంది అనుకున్నాను. నంబర్ ప్లేట్ చూశాను. మాదే.

అద్దంలోంచి చూస్తే వెనక సీట్లో ఆయన శాలువా ముద్దగా పడి ఉంది. దాని కింద మనిషి ఉన్నట్టే అనిపించింది. అద్దాలన్నీ ఎత్తి ఉన్నాయి. బయట ఎండ. రెండు చేతులతో అద్దం మీద బాదాను. శాలువా కదల్లేదు. ఇంకోవైపు నుంచి వంగి చూశాను. ఉత్త శాలువానే. ముందు రోజు ఆయన్ని చెకప్‌కి తీసుకెళ్ళి తెచ్చాం. అప్పుడే, డాక్టర్ గదిలో సైలెంట్‌లో పెట్టిన ఫోన్ జేబులోంచి జారి సీటు కిందకి పోయుంటుంది.

ఇంతలో సెక్యూరిటీ ఆయన వచ్చాడు.

"ఏం మేడమ్, కారు మీదేనా?"

"మాదే."

"మరి తీయండి."

"తాళం లేదు."

"లోపల ఏం మోగుతోంది?"

"మా మామగారి ఫోన్."

"ఆయనెక్కడున్నారు?"

"తెలీదు" అన్నాను. అనగానే ఏడుపొచ్చేసింది. అప్పటిదాకా ఆ మాట నాకు నేను కూడా చెప్పుకోలేదు. చుక్క ఉంది కదా, వెళ్తే దొరుకుతారు అనే ధైర్యంతోనే అంత దూరం వచ్చాను. ఇప్పుడు చుక్క లేదు. ఇంత పెద్ద ఊళ్ళో ఆయన ఎటు వెళ్ళారో చెప్పేది ఇంకేదీ నా దగ్గర లేదు. ఆ సెక్యూరిటీ ఆయన పాపం కారు సంగతి వదిలేసి, ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చి నన్ను కూర్చోబెట్టాడు.

పోలీసులకి ఫోన్ చేద్దామని నా ఫోన్‌లో కాల్స్ తెరిచాను. అప్పుడు కనిపించింది. ఒకే నంబరు. ల్యాండ్‌లైన్. నేను క్యాబ్ ఎక్కినప్పటి నుంచి వరసగా చేస్తూనే ఉన్నారు. ఒక్కటీ మోగలేదు. ఎందుకు మోగుతుంది? పేరు సేవ్ చేయని నంబర్ల నుంచి వచ్చే కాల్స్ మోగకుండా చేసే సెట్టింగ్ ఒకటుంది. లోన్లవాళ్ళు, కార్డులవాళ్ళు, ఫ్లాట్లు అమ్మేవాళ్ళు ప్రాణం తీస్తున్నారని దాన్ని ఆన్ చేసుకున్నాను. మిస్డ్ కాల్ అని కూడా చూపించదు. ఎంత ప్రశాంతంగా ఉందో అని పోయిన నెలలో చాలామందికి సలహా కూడా ఇచ్చాను.

వెంటనే ఆ నంబరుకి చేశాను.

"ఎవరమ్మా?" అని ఒక పెద్దావిడ గొంతు.

"ఈ నంబర్ నుంచి నాకు కాల్స్ వచ్చాయండీ..."

"అయ్యో తల్లీ, నువ్వేనా? ఎంతసేపట్నించి చేస్తా ఉండాను, ఎత్తనే లేదు నువ్వు. మీ పెద్దాయన ఇక్కడే ఉండాడమ్మా. నగర్తపేటలో, మా అంగడిలో. ఏం భయం లేదు. అన్నం తిన్నాడు. నిదానంగా రా."

నేను ఏం మాట్లాడానో నాకు తెలీదు. ఆవిడే రెండుసార్లు అడ్రస్ చెప్పింది.

ఫోన్ పెట్టేసరికి కిరణ్ నుంచి కాల్. హైదరాబాద్‌లో దిగి మిస్డ్ కాల్స్ చూసుకున్నట్టున్నాడు. గబగబా జరిగింది చెప్పి, మామయ్యగారు దొరికారని చెప్పాను.

"నాన్న ఫోన్ కారులో ఉందేమో చూడాల్సింది" అన్నాడు.

"చూశాను. ఉంది."

"ఎలా చూశావ్? కారు ఎయిర్‌పోర్ట్‌లో ఉంది కదా?"

"నేనూ ఇక్కడే ఉన్నాను" అన్నాను. కిరణ్ మెల్లగా, "ముందు నువ్వు ఏమైనా తిను" అన్నాడు. అంతకంటే ఏమనలేదు. అన్నా బాగుండేది.

నగర్తపేట సందుల్లోకి క్యాబ్ పోదు. మొదట్లోనే దిగి నడిచాను. బట్టల మూటలు మోసేవాళ్ళని, బండ్లని తప్పించుకుంటూ వెళ్తే ఒక లేసుల షాపు, చీరలకి కుట్టే అంచులు, బటన్లు హోల్‌సేల్‌గా అమ్మేది. దాని ఓనరే ఆ పెద్దావిడ, జయమ్మగారు. షాపు పక్కనే పైకి మెట్లు. ఆ పైన ఇప్పుడు ఆవిడ గోడౌన్ ఉంది. ఒకప్పుడు అక్కడే మామయ్యగారి ఇన్‌స్టిట్యూట్ ఉండేదట. నేను ఎప్పుడూ చూడలేదు.

"పొద్దున వచ్చి మెట్లెక్కినాడమ్మా" అని జయమ్మగారు గొంతు తగ్గించి చెప్పింది. "షట్టర్ ముందర నిలబడి, పిల్లోళ్ళు వచ్చే టైమైంది, ఇంకా తీయలేదే అన్నాడు. నాకు అర్థమైంది. మా మామ కూడా కడాన, పోయే ముందర, ఇట్లే అయినాడు. లేదు అంటే భయపడతారు. అందుకని, ఈ పొద్దు కరెంటు లేదు సార్, కింద కూర్చోండి అని చెప్పి కూర్చోబెట్టినాను."

"నా నంబర్ మీకెలా దొరికింది అమ్మా?"

"ఆయనే చెప్పినాడు. మీ ఇల్లెక్కడ అంటే తెలీదన్నాడు. కొడుకు పేరంటే తెలీదన్నాడు. ఫోన్ నంబర్ ఏమన్నా ఉండాదా సార్ అంటే, ఇదో, ఈ బల్ల మీద వేళ్ళతో టకటకా కొడతా, గుక్క తిప్పుకోకుండా చెప్పేసినాడు. ఎవరిది సార్ ఈ నంబరు అన్నాను. ఎవరిదో తెలీదమ్మా, ఈ నంబరుకి చేస్తే వస్తారు అన్నాడు."

నేను అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను.

ఆ ఫోన్ కొన్న రోజున ఆయన నన్ను నంబర్ చెప్పమని అడిగారు. నేను నవ్వి, "ఎందుకు మామయ్యా, ఇదిగో నా ఫోటో, దీని మీద వేలు పెడితే చాలు" అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "చెప్పమ్మా, వేళ్ళకి అలవాటు చేసుకుంటాను" అని, రోజూ పొద్దున పేపర్ చదివాక బల్ల మీద వేళ్ళతో కొట్టుకుంటూ ఉండేవారు. నేను ఏదో పాత అలవాటులే, టైపింగ్ మాస్టారు కదా అనుకున్నాను. ఆయన నేర్చుకుంటున్నది నా నంబరు. నా పేరు పోయింది, నా మొహం పోయింది. అది మాత్రం వేళ్ళలో ఉండిపోయింది. నేనేమో ఆ నంబర్ మోగకుండా పెట్టుకున్నాను.

మామయ్యగారు లోపల బెంచీ మీద వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చుని ఉన్నారు. నన్ను చూసి మర్యాదగా లేచారు.

"కొత్తగా క్లాసులో చేరేకి వచ్చినావామ్మా?"

జయమ్మగారు వెనక నుంచి నా భుజం మీద చెయ్యి వేసింది.

"అవును సార్" అన్నాను.

"ఏదీ, చేతులు చూపించు."

చూపించాను. నా వేళ్ళు పట్టుకుని, తిప్పి చూశారు. ఆయన చేతులు వెచ్చగా ఉన్నాయి. నావి ఇంకా వణుకుతున్నాయి.

"గోళ్ళు కత్తిరించుకో. కీస్ మీద జారతాయి. భయపడొద్దు, మొదట్లో అందరికీ ఇట్లే వణుకుతాయి. వారం తిరిగేలోపల సరిపోతుంది."

"సరే సార్."

"ఈ పొద్దు కరెంటు లేదంట. రేపు రా."

"మీ ఇల్లు మా దారిలోనే ఉంది సార్. దింపేసి వెళ్తాను" అన్నాను. ఆయన కాస్త మొహమాటపడి, "నీకెందుకమ్మా శ్రమ" అంటూనే నా వెంట బయల్దేరారు. జయమ్మగారికి ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియక వంగి కాళ్ళు పట్టుకోబోయాను. ఆవిడ నన్ను పైకి లేపి, "అదంతా ఎందుకు, ఫోన్ ఎత్తమ్మా ఇంక నుంచి" అంది. తిట్టలేదు, మామూలుగానే అంది. ఆ ఒక్క సలహాకి నా దగ్గరున్న సలహాలన్నీ సాటిరావు.

క్యాబ్‌లో ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. నేను ఉండబట్టలేక అడిగాను.

"సార్, పొద్దున మీరొక నంబర్ చెప్పారంట. అదెవరిది?"

ఆయన వేళ్ళు ఒళ్ళో మెల్లగా కదిలాయి.

"ఎవరో తెలీదమ్మా. మంచోళ్ళే అయ్యుంటారు. కానీ పనిలో ఉండినట్టుండాది, ఎత్తనే లేదు" అన్నారు. నా వైపు చూసి, "నువ్వేమీ అనుకోవద్దు. వాళ్ళకి ఏం కష్టమొచ్చిందో" అని కూడా అన్నారు.

ఇంటికొచ్చాక కాళ్ళు కడుక్కుని, మాత్ర వేసుకుని పడుకున్నారు. సాయంత్రం లేచి హాల్లోకి వచ్చి, సోఫాలో కూర్చున్న నన్ను చూసి, "ఏమ్మా మాధవీ, మొహం అట్లుండాదే? ఆఫీసులో ఎవరన్నా ఏమన్నా అన్నారా?" అని అడిగారు. పొద్దున జరిగింది ఒక్కటీ గుర్తులేదు. లేదు మామయ్యా అన్నాను. "ఎవరన్నా ఏమన్నా అంటే నాకు చెప్పు" అని, పక్కన కూర్చుని పేపర్ తీసుకున్నారు. నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ శబ్దంలో కాసేపు ఏడ్చాను.

ఆ రోజే ఆ సెట్టింగ్ తీసేశాను. ఇప్పుడు ఏ నంబర్ నుంచి వచ్చినా, మొదటి రింగుకే ఎత్తుతున్నాను. రోజంతా మోగుతూనే ఉంటుంది. పర్సనల్ లోన్ కావాలా, కార్డు కావాలా, దేవనహళ్ళిలో ప్లాటు కావాలా. మామయ్యగారు ఎదురుగా కుర్చీలో కూర్చుని టీవీ చూస్తున్నా సరే, నా నోట్లోంచి ముందు వచ్చేది ఒకటే మాట: "మీ దగ్గర పెద్దాయన ఎవరైనా కూర్చుని ఉన్నారా?"

నిన్న ఒక లోన్ అమ్మాయి ఈ ప్రశ్నకి తడబడి, "ఉన్నారు మేడమ్, మా మేనేజర్‌గారు" అంది. నేను కంగారుగా "ఆయనకి అన్నం పెట్టారా?" అని అడిగాను. ఆ అమ్మాయి ఫోన్ పెట్టేసింది. ఇన్నాళ్ళకి నన్ను బ్లాక్ చేసిన మొదటి లోన్ కంపెనీ అదే.